డాక్యుమెంట్లలోంచి లింకులు ఏరిన గ్రెప్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న కమాండ్ చరిత్ర. పేరు గ్రెప్.

ముందు నా గొడవ వినండి. మా సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే ఫైళ్లు రెండొందల దాకా ఉన్నాయి. అందులో ఒక లింక్ పనిచేయక, కొత్తగా చేరిన కుర్రాడు రెండు రోజులు తిప్పలు పడ్డాడు. "నేనే ఏదో తప్పు చేస్తున్నాననుకున్నా సార్" అన్నాడు. ఆ పేజీ రాసింది నేనే. ఆ రాత్రే కూర్చుని అన్ని ఫైళ్లలోంచీ లింకులు బయటికి లాగాను, గ్రెప్‌తో.

ఇది పుట్టింది కూడా పాత కాగితాలు వెతకడానికే. 1970ల మొదట్లో, అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ అనే ఆయన ఫెడరలిస్ట్ వ్యాసాల మీద పని చేస్తున్నారు. 1787-88లో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ హామిల్టన్, మాడిసన్, జే కలిసి ఒకే మారుపేరుతో రాసిన 85 వ్యాసాలవి. ఏది ఎవరు రాశారో మాటల వాడుకను బట్టి తేల్చాలని ఆయన తాపత్రయం. కానీ అప్పటి ఎడిటర్ 'ఈడీ'లో అన్ని వ్యాసాలూ ఒకేసారి పట్టేవి కావు. మెమరీ అంత తక్కువ మరి! అప్పుడు కెన్ థామ్సన్ ఆ ఎడిటర్‌లోని వెతికే భాగాన్ని విడదీసి వేరే ప్రోగ్రాం చేశారని బ్రయన్ కెర్నిగన్ చెప్తుంటారు. ఫైలంతా మింగకుండా ఒక్కో వరుసే చదువుతుంది కాబట్టి ఎంత పెద్ద ఫైలైనా ఫర్వాలేదు. ఎడిటర్‌లో 'జీ, ఆర్ఈ, పీ' అని కొట్టే ఆదేశమే దాని పేరైంది. అంటే ఫైలంతా వెతుకు, ఈ నమూనాకు సరిపోయిన వరుసలు చూపించు అని.

తర్వాత గ్నూ గ్రెప్‌లో 'మైనస్ ఓ' వచ్చింది. వరుస మొత్తం కాకుండా, సరిపోయిన ముక్క మాత్రమే చూపిస్తుంది. లింకులు ఏరడానికి కావలసింది సరిగ్గా ఇదే. దాన్ని పైపుతో 'సార్ట్'కి పంపితే జాబితా సిద్ధం.

సిద్ధం అనుకున్నాను. లింక్ ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది, హెచ్‌టీటీపీ అని ఉంటుంది కదా. ఎక్కడ ముగుస్తుంది? అక్కడే వచ్చింది చిక్కు. 1994లో బెర్నర్స్-లీ, మరో ఇద్దరు కలిసి యూఆర్ఎల్ నియమాలు రాసినప్పుడు చుక్కకీ, గుండ్రటి బ్రాకెట్లకీ అనుమతి ఇచ్చారు. వాక్యం చివర లింక్ ఉంటే ఆ చుక్క లింక్‌దా, వాక్యానిదా? ఈ తగువు వాళ్లకీ తెలుసు. మామూలు రాతలో లింక్‌ని కోణపు బ్రాకెట్లలో పెట్టమని అదే పత్రం చివర సలహా ఇచ్చారు. మనలో ఎంతమంది పాటించాం? పైగా 2004లో వచ్చిన మార్క్‌డౌన్ లింక్‌ని గుండ్రటి బ్రాకెట్లలోనే పెట్టింది! వికీపీడియా లింకుల్లో చాలావాటికి చివర అవే బ్రాకెట్లు.

నా నమూనా మొదటి మూత బ్రాకెట్ దగ్గరే ఆగిపోయింది. బతికున్న లింకుల్ని సగానికి కోసి, పనిచేయట్లేదని చెప్పింది. నేనూ నమ్మి నాలుగు తీసేశాను కూడా. మర్నాడు ఆ కుర్రాడే చూసి, "సార్, ఇవి పనిచేస్తున్నాయి" అన్నాడు.

ఇప్పుడు మార్క్‌డౌన్ వ్యాకరణం తెలిసిన పరికరంతోనే లింకులు తీస్తున్నాం. గ్రెప్‌ని పూర్తిగా మానలేదు, తొందరగా ఒక చూపు చూడాలంటే ఇప్పటికీ అదే. ఆ నాలుగు లింకులూ తిరిగి పెట్టేశాను. మొదటి లింక్ మాత్రం నిజంగానే పోయింది. అందులో ఉండాల్సిన సెటప్ వివరాలు కుర్రాడూ నేనూ కూర్చుని మా ఫైళ్లలోనే రాసుకున్నాం.