రెండు ప్రార్థనలు, ఒకే ఆమేన్



మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సంఘముల చరిత్ర అనగానే పాఠశాలలు, ఆసుపత్రి జ్ఞాపకము వచ్చును. మన పితరులు ఏ విధముగా ప్రార్థించారన్నది అరుదుగా వ్రాయబడినది. అదియు మన చరిత్రయే.

లండన్ మిషనరీ సంఘమువారు 1822లో కడపలో సేవ ఆరంభించారు. 1890ల దశకములో డాక్టర్ టి.వి. కాంప్‌బెల్ గారు జమ్మలమడుగులో వైద్యసేవ ప్రారంభించారు. ఈ మిషను కాంగ్రిగేషనల్ సంప్రదాయమునకు చెందినది. పుస్తకము లేకుండ, ఆత్మ ప్రేరణ చొప్పున ప్రార్థించుట వారి పద్ధతి. రోగి పేరు, రాని వాన, ఎండిన చేను, అన్నియు ఆ ప్రార్థనలో చోటు చేసుకొనగలవు.

మనకు ఉత్తరమున ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతములలో ఎస్.పి.జి. మిషనువారి ఆంగ్లికన్ సంఘములు వెలసినవి. వారికి ప్రార్థన పుస్తకమే ఆధారము. గురువు ఒక మాట చెప్పగా సంఘము బదులు చెప్పును. చదువురానివారు సైతము వినివిని కంఠస్థము చేయగలరు.

రెంటిలోను మేలున్నది, రెంటిలోను అపాయమున్నది. స్వేచ్ఛా ప్రార్థన ఒక్కని గొంతుగా మారి, అతని కోరికలే సంఘపు కోరికలు కావచ్చును. వ్రాసిన ప్రార్థన పెదవులకే పరిమితము కావచ్చును. అయినను ఇరువురును కలిసి పాడుకొనినవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కీర్తనలకు మిషనుల సరిహద్దులు అడ్డురాలేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. ఏ సంఘమునకు అలవాటైన ఆరాధనను దాని సమ్మతి లేకుండ మార్చరాదని ముందే ఒప్పుకొన్నారు. అయినను నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు అనేకులు ఆనాడు చేరలేదు. తరువాతి కాలములో నంద్యాల కూడ మన ఐక్య సంఘములో ఒక డయోసిస్ అయినది. ఐక్యత సంతకముతో ముగియదు, సహనముతో పెరుగును.

1950లో వెలువడిన ప్రభురాత్రి భోజన క్రమము ఈ రెండు ధారలను కలిపినది. గురువు బల్లవెనుక ప్రజలకు అభిముఖముగా నిలుచును. సమాధానము చేతినుండి చేతికి అందును. వ్రాసిన విజ్ఞాపనలున్నవి, స్వేచ్ఛా ప్రార్థనకును తావున్నది. 1963లో ఇది సామాన్య ఆరాధన గ్రంథములో చేరినది.

ఇందలి మర్మమేమి? నా బాధ నాకు గుర్తుండును, పాలకులను, ఖైదీలను, పరదేశులను క్రమము గుర్తుచేయును. క్రమము మరచిన పొరుగింటి రోగిని స్వేచ్ఛా ప్రార్థన పేరుపెట్టి పిలుచును. ప్రభువు నేర్పిన ప్రార్థనలో “నా” అను మాట లేదు, “మా” అనియే ఉన్నది.

నేడు కొన్నిచోట్ల ఒక్కరే ప్రార్థించి, తక్కినవారు వినుటయే ఆరాధన అగుచున్నది. అర్థముకాని ప్రార్థనకు ఆమేన్ ఎట్లు చెప్పగలమని పౌలు కొరింథీయులను ప్రశ్నించెను. ఆమేన్ సంఘపు వంతు. పితరులు రెండు త్రోవల తెచ్చి మనకు అప్పగించిన ఈ స్వాస్థ్యమును మన పిల్లలకు నేర్పుదము గాక.