బస్సు ఎక్కడ ఆగాలి? (మన చరిత్ర పాఠాలు – 7)



చిన్నప్పుడు బస్సు మా వాడ మీదుగానే పోయేది, ఊళ్లోకెళ్లి రచ్చబండ దగ్గరే ఆగేది. పుస్తకాల సంచితో అంత దూరం నడిచేవాళ్లం. డ్రైవర్ ఇష్టం అనుకునేవాణ్ణి.

అమెరికాలోని మాంట్‌గోమరీ చరిత్ర చదివాకే తెలిసింది, స్టాపు వెనక కూడా కులం లాంటిది ఉంటుందని. రోజా పార్క్స్ అరెస్టు 1955 డిసెంబరు 1న. అంతకు ఏడాదిన్నర ముందే, 1954 మే 21న, ఉమెన్స్ పొలిటికల్ కౌన్సిల్ తరఫున జో ఆన్ రాబిన్సన్ మేయర్‌కు ఉత్తరం రాసింది. తెల్లవాళ్ల వీధుల్లో ప్రతి మలుపులో ఆగే బస్సు నల్లవాళ్ల వీధుల్లోనూ ఆగాలంది. ప్రయాణికుల్లో నాలుగింట మూడొంతులు మావాళ్లేనని లెక్క చెప్పింది. బహిష్కరణకు పాతికకు పైగా సంఘాలు ఆలోచిస్తున్నాయని హెచ్చరించింది. అందుకే అరెస్టైన రాత్రే వేల కరపత్రాలు తయారయ్యాయి. ఉద్యమం 381 రోజులు నిలిచింది.

ముందు లెక్క, తోడుగా సంఘం, ఆపైన ఉత్తరం.

మీ వాడలో బస్సు ఆగదా? సమాచార హక్కు చట్టం కింద డిపోను అడగండి: ఏ రూటు, ఎన్ని ట్రిప్పులు, స్టాపులు ఎవరు నిర్ణయించారు? 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితంతో విద్యార్థి, మహిళా, కూలీ సంఘాలను కలవండి.

స్టాపు ఎవరో తీసుకున్న నిర్ణయం. దాన్ని మార్పించొచ్చు.