జారే బండ, జారని గిట్ట

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ మొదలుకొని, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లిని దాటి, మేళ్లచెరువు వరకు పరుచుకున్న దక్షిణ తెలంగాణ మెట్టసీమలో, అంటే పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో, పెద్ద జాతరలు కొన్నింటికి రథోత్సవం ఎంత ముఖ్యమో బండలాగుడు పోటీ కూడా అంతే ముఖ్యం. మేళ్లచెరువులో స్వయంభూ శంభులింగేశ్వరస్వామి సన్నిధిన మహాశివరాత్రికి జరిగే పోటీలకూ, అయిజ తిక్కవీరేశ్వరస్వామి ఉత్సవాల్లోనూ మల్దకల్ తిమ్మప్ప జాతరలోనూ జరిగే పోటీలకూ పొరుగు జిల్లాల నుంచే కాక పొరుగు రాష్ట్రాల నుంచి కూడా జతలు వస్తాయి. చక్రాలు లేని బరువైన రాతి దిమ్మను గొలుసుతో ఎడ్ల కాడికి తగిలించి, నిర్ణయించిన నిమిషాల్లో అది ఎంత దూరం కదిలిందో అడుగుల్లో, అంగుళాల్లో కొలిచే ఈ పోటీని బయటివారు వట్టి బలప్రదర్శనగా చూస్తారు. అయితే బలం ఒక్కటే గెలిపించేదైతే ఎప్పుడూ బరువైన జతే గెలవాలి, అలా జరగదు. ఈ పోటీకి మూలం నేల మీద పట్టు, ఆ పట్టు తప్పడం అనే రెండు విషయాల్లో ఉంది కాబట్టి దీని చరిత్రను కూడా అక్కడి నుంచే చెప్పుకోవాలి.

ఒకదాని మీద ఒకటి ఆనుకొని ఉన్న రెండు ఉపరితలాలు కదలకుండా ఉన్నప్పుడు వాటి మధ్య పనిచేసే నిరోధాన్ని స్థైతిక ఘర్షణ అనీ, ఒకటి రెండోదాని మీద జారుతున్నప్పుడు పనిచేసే నిరోధాన్ని జారుడు ఘర్షణ అనీ అంటారు. సాధారణంగా మొదటిది రెండోదానికంటే ఎక్కువ. ఫ్రెంచి సైనిక ఇంజనీరు కూలుంబ్ 1781లో తమ దేశపు విజ్ఞాన అకాడమీ బహుమతి పొందిన రచనలో ఈ సంగతిని ప్రయోగాలతో నిలబెట్టడమే కాక, వస్తువు ఒకేచోట ఎంతసేపు నిలిచి ఉంటే దాన్ని కదిలించడం అంత కష్టమవుతుందని కూడా గమనించాడు. బండలాగుడులో మొదటి కుదుపుకు ఉన్న విలువ, నడుస్తున్న బండను మధ్యలో ఆగనివ్వకూడదనే పట్టుదల, ఆగితే మళ్లీ కదిలించడానికి జత పడే పాట్లు అన్నీ ఈ రెండు ఘర్షణల మధ్య ఉన్న తేడా వల్ల వచ్చినవే.

పోటీలో రెండు రాపిడులు ఒకేసారి పనిచేస్తుంటాయి. బండకూ నేలకూ మధ్య పట్టు తప్పాలి, గిట్టకూ నేలకూ మధ్య పట్టు తప్పకూడదు. కారును వంపులో కావాలని పక్కకు జారనిస్తూ నడిపే డ్రిఫ్టింగ్ విద్యలో ఉన్నదీ దాదాపు ఇదే. జపాన్‌లో 1970లలో రేసు డ్రైవరు కునిమిత్సు తకహాషి ప్రసిద్ధిలోకి తెచ్చి, ఆ తరువాత కేయిచి త్సుచియా కొండదారుల మీద సానబెట్టిన ఆ విద్యలో వెనుక టైర్లు నేల మీద పట్టు వదిలి జారుతూ ఉండగా, ముందు టైర్లు పట్టు నిలుపుకొని జారుతున్న దిక్కుకే తిరిగి కారును అదుపులో ఉంచుతాయి. ఏ భాగం జారాలో ఏది జారకూడదో క్షణక్షణం నిర్ణయించే నేర్పు అక్కడ మనిషి చేతిలోనూ కాలిలోనూ ఉంటే, ఇక్కడ సగం మనిషి దగ్గర, సగం పశువు దగ్గర ఉంటుంది.

లెక్క వేసి చూస్తే ఈ పని ఎంత అసాధారణమో తెలుస్తుంది. ఉదాహరణకు 20 క్వింటాళ్ల బండకు నేల మీద ఎదురయ్యే నిరోధం దాని బరువులో సగం అనుకుంటే, జత మీద 10 క్వింటాళ్ల బరువుకు సమానమైన లాగుడు పడుతుంది. బాగా ఎదిగిన ఒంగోలు గిత్త ఒక్కొక్కటి ఐదారు క్వింటాళ్లు తూగుతుంది కాబట్టి, ఆ జత ఇంచుమించు తన మొత్తం బరువంత బలంతో లాగాలన్న మాట. దుక్కిలో రోజంతా పనిచేసే ఎద్దు తన బరువులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే లాగుతుంది. అంత లాగుడుకు నేల మీద ఆనించిన గిట్ట సరిపోదు, నేలలోకి దిగిన గిట్ట కావాలి. చీలిన గిట్ట రెండు వేళ్లూ విడివడి, ముందు అంచులు మట్టిని కోసుకుంటూ దిగి, వెనుక కాళ్లు మడమల దగ్గర వంగి, నడుము కిందికి కుంగి, ప్రతి అడుగు వెనుకా చిన్న మట్టి కట్ట లేస్తుంది. ఆ కట్ట నిలిచినంతసేపే జతకు ఊతం ఉంటుంది, అది చెదిరితే కాలు వెనక్కి జారుతుంది. కాడి మెడ ఎత్తున, బండ నేల మట్టాన ఉండడం వల్ల గొలుసు ఏటవాలుగా సాగి, లాగుడులో కొంత భాగం బండ ముందు అంచును పైకి ఎత్తి తేలికచేస్తుంది, అంతే బరువును ఎడ్ల మెడల మీద మోపి గిట్టలను మరింత లోతుకు దింపుతుంది. గొలుసు మరీ పొడవైతే ఈ లాభం పోతుంది, మరీ పొట్టిదైతే బండ మడమలకు తగులుతుంది.

ఈ సీమలో పశువుకూ నేలకూ ఉన్న సంబంధానికి లిఖిత చరిత్రకంటే ఎంతో పాతదైన సాక్ష్యం ఉంది. కృష్ణ ఒడ్డుకు దగ్గర, మక్తల్ ప్రాంతపు ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు వేరు) 1957లో పురాతత్వవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ ఒక బూడిద దిబ్బను తవ్వాడు. బూడిద దిబ్బ అంటే నవీన శిలాయుగపు పశుపాలకులు తమ మందలను కట్టిన దొడ్లలో పేరుకున్న పేడ మళ్లీ మళ్లీ కాలి గుట్టగా మిగిలిన చోటు. ఆ దిబ్బలో దొడ్డి చుట్టూ పాతిన మొద్దుల గుంతలతో పాటు, ఆనాడు మెత్తని నేలలో దిగి అలాగే గట్టిపడిన పశువుల గిట్టల గుర్తులు కూడా బయటపడ్డాయి. నాలుగువేల ఏళ్లకు పైబడిన ఆ దిబ్బ తవ్వకపు వివరాలను ఆల్చిన్ 1963లో వెలువడిన తన పుస్తకంలో చర్చించాడు. రాజుల శాసనాల కోసం ఈ జిల్లాలను గాలించిన చరిత్రకారులు ఈ గిట్టల గుర్తులకు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదనే చెప్పాలి.

అదే కృష్ణ ఒడ్డున, ఇప్పటి నారాయణపేట జిల్లాలో ఉన్న ముడుమాల్‌లో 10 నుంచి 14 అడుగుల ఎత్తున నిలువు రాళ్లు వరుసలుగా నిలబడి ఉన్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన ఈ బృహత్ శిలాయుగపు రాళ్లను నిలబెట్టినవారు, ఆలంపురంలో ఏడు ఎనిమిది శతాబ్దాల్లో నవబ్రహ్మ ఆలయాలు కట్టించిన బాదామి చాళుక్యుల శిల్పులు, పానగల్లు, పిల్లలమర్రి ఆలయాల్లో నల్లరాతి స్తంభాలను నునుపు తేల్చినవారు, అందరూ మొదట ఎదుర్కొన్న కష్టం ఒక్కటే, బరువైన రాయిని గని నుంచి కదిలించడం. రాతిపనిని కులవృత్తిగా చేసుకున్న వడ్డెరలు ఇందుకు వాడే ఉపాయం గడ్డపారతో రాయిని కాస్త లేపి కింద గుండ్రటి దుంగలు వేయడం. అప్పుడు జారుడు ఘర్షణ స్థానంలో దానికంటే ఎన్నో రెట్లు తక్కువైన దొర్లుడు ఘర్షణ వస్తుంది. బండి చక్రం చేసేదీ అదే. అంటే పనిలో రాతిని లాగిన మనిషి వేల ఏళ్లుగా రాపిడిని తగ్గించడానికే తెలివిని వాడగా, పోటీలో రాతిని లాగించే మనిషి చక్రాన్నీ దుంగనూ పక్కన పెట్టి ఆ రాపిడిని పూర్తిగా వెనక్కి తెచ్చుకున్నాడు. పనికి పనికిరాని పద్ధతి కాబట్టే అది పరీక్షకు పనికొచ్చింది.

నేల అన్నిచోట్లా ఒకటి కాదు. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ మెట్టల్లో ఎక్కువగా ఉన్నది చెల్క, అంటే ఇసుక పాలు ఎక్కువైన ఎర్రనేల, దానికంటే వదులైనది దుబ్బ. నడిగడ్డలోనూ కృష్ణ వెంబడి పల్లాల్లోనూ నల్లరేగడి ఉంది. పొడి దుబ్బలో గిట్ట సులువుగా దిగుతుంది గానీ మట్టి నిలవక వెనక్కి తోసుకుపోతుంది. ఎండిన రేగడి రాతిలా బిగిసి గిట్టను దిగనివ్వదు, తడిసిన రేగడి బండ అడుగున జిగురులా పట్టుకుంటుంది. అందుకే బరిని దున్ని, రాళ్లు ఏరి, చదును చేసి, తగినంత తడి ఉంచడం నిర్వాహకుల పనిలో పెద్ద భాగం. నేలా గిట్టా అన్నప్పుడు ఈ జిల్లాల్లోనే ఉన్న ఒక ఎడ్ల జాతి గుర్తుకు రాక మానదు. నల్లమలలోని అమ్రాబాద్ గుట్టల్లో పెరిగే పొడ తూర్పు జాతి ఎడ్లు రాళ్లబోళ్ల నేలలో అరగని గట్టి గిట్టలకు పేరు పొందాయి, 2020లో వాటికి ప్రత్యేక దేశీయ జాతిగా జాతీయ స్థాయిలో నమోదు దక్కింది. అయితే బరిలో కనిపించేవి ఎక్కువగా ఒంగోలు గిత్తలే. గిట్ట గట్టితనం రోజుల తరబడి నడకకు అక్కరకొస్తుంది, నిమిషాల లెక్కన సాగే పోటీలో మాత్రం దానికంటే ఒళ్లు బరువు ఎక్కువ అక్కరకొస్తుంది.

పోటీ విభాగాలను పళ్లను బట్టి నిర్ణయిస్తారు. పశువుకు పాలపళ్లు ఊడి శాశ్వత ముందుపళ్లు జతలు జతలుగా వస్తాయి కాబట్టి పళ్లు చూస్తే వయసు తెలుస్తుంది. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విడదీసి, ఆపైన జూనియర్, సీనియర్ విభాగాలు పెట్టి, ఒక్కో విభాగానికి ఒక్కో బరువు బండను కేటాయిస్తారు. జతలో కుడివైపుది వలపటి ఎద్దు, ఎడమవైపుది దాపటి ఎద్దు, ఈ స్థానాలు మార్చితే రెండూ తడబడతాయి. ఒకటి క్షణం ముందు ఎగిరితే కాడి వంకరపోయి, దాని బలమంతా పక్క ఎద్దు మెడను తిప్పడానికే ఖర్చవుతుంది, బండ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రెండూ ఒకే అదలింపుకు ఒకేసారి మెడ వంచేలా చేయడానికి పట్టే నెలల శిక్షణే ఈ విద్యలో అసలు కష్టమైన భాగం. ప్రేక్షకులు ఎక్కువగా చూసేది చెర్నాకోలను. చూడవలసింది అదలింపుకూ మెడ వంపుకూ మధ్య ఉన్న ఆ రెప్పపాటు వ్యవధిని.

ఈ పోటీలు ఇప్పటి రూపానికి రావడంలో 1967ది పెద్ద పాత్ర. ఆ సంవత్సరం ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదలడంతో, ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు క్రమంగా మెట్ట నుంచి మాగాణికి మారాయి. వరితో గడ్డి పెరిగింది, రైతు చేతిలో డబ్బు ఆడింది, ఆ డబ్బుతోనే ట్రాక్టరు వచ్చింది. దుక్కి నుంచి విడుదలైన ఎద్దు చాలా ఇళ్లలో కొట్టం నుంచే వెళ్లిపోయింది, మిగిలిన కొద్ది ఇళ్లలో పని లేని, పోటీ మాత్రమే ఉన్న ప్రత్యేక జీవిగా మారింది. ఒకప్పుడు బరిలో లాగిన జతే మర్నాడు అరక లాగే పరిస్థితి పోయి, మేతా శిక్షణా పోటీ కోసమే సాగే జతలు వచ్చాయి. కరువు జిల్లాగా పేరుపడిన పాలమూరులో ఈ మార్పు ఆలస్యంగా, కాలువలూ బోర్లూ చేరిన మేరకే జరిగింది.

ట్రాక్టరుకు కూడా అదే పాత చిక్కు ఎదురైంది. నీళ్లు నిండిన మడిలో రబ్బరు టైరు పట్టు దొరక్క ఉన్నచోటే తిరుగుతుంది, అందుకే వెనుక ఇరుసుకు కేజ్‌వీల్స్, అంటే ఇనుప పట్టీలతో పంజరంలా అల్లిన చక్రాలు, తగిలిస్తారు. అవి కొంత పట్టు ఇస్తూ, కొంత జారుతూ, ఆ జారడంతోనే మట్టిని చిలికి నాటుకు సిద్ధం చేస్తాయి. ముందు చక్రాలు బురదలో తేలిపోయి స్టీరింగు మాట విననప్పుడు డ్రైవరు వెనుక చక్రాలకు విడివిడిగా ఉన్న రెండు బ్రేకుల్లో ఒకదాన్ని తొక్కి, ఆ పక్క చక్రాన్ని ఆపి, బండి మొత్తాన్ని దాని చుట్టూ తిప్పుతాడు. కారు డ్రిఫ్టింగ్‌కు ఈ సీమలో నిజమైన తోబుట్టువు ఏదైనా ఉంటే అది ఈ మడి మలుపే, దానికి మాత్రం ఇంతవరకు ఏ జాతరా బహుమతి పెట్టలేదు.

చట్టం ఈ ఆటను మరో వైపు నుంచి చూసింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1965లో చేసిన నిబంధనలు పశువు పరిమాణాన్ని బట్టి, బండి చక్రాల తీరును బట్టి లాగించదగిన బరువుకు హద్దు గీశాయి. చక్రం మారితే రాపిడి మారుతుందని ఆ నిబంధనలు రాసినవారికి తెలుసు, కానీ చక్రమే లేని బరువు వారి మనసులో ఉన్నట్టు లేదు. 2011 జులైలో కేంద్ర ప్రభుత్వం ప్రదర్శనలకు వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది, 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ నిషేధించింది. ఆ తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ తమ ఆటల కోసం చట్టానికి చేసుకున్న సవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. ముల్లుగర్రతో పొడవడం, తోక మెలిపెట్టడం హింస అనడంలో సందేహం లేదు. అయితే యంత్రశాస్త్రం లెక్కన కూడా అవి నష్టదాయకమే, ఎందుకంటే బెదిరిన ఎద్దు జతతో పాదం కలపదు, మట్టిలోకి దిగవలసిన గిట్ట మట్టి మీద కొట్టుకుంటుంది.

నేటి మేళ్లచెరువు, అయిజ పోటీలకు జతలు నడిచి రావు. డీసీఎం వ్యాన్లలో గడ్డి పరిచి, కాళ్లు జారకుండా అడ్డకర్రలు కట్టి, రాత్రిపూట చల్లదనంలో తరలిస్తారు. దిగాక వాటిని కొంతసేపు వట్టి కాడితో బరి మీద తిప్పి, నేల గిట్టకు తెలిసిందనుకున్నాకే బండకు గొలుసు తగిలిస్తారు.