యూనివర్సిటీ స్టూడియో నుంచి మన కాలేజీ టీవీ గది దాకా

ప్రత్యేక సంచికకు పాత రోజుల సంగతి ఏదైనా రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు ముందుగా జ్ఞాపకం వచ్చింది కాలేజీ టీవీ గది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కళాశాలల్లో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని నేను. పండితులు రాసే చరిత్ర నాకు చేతకాదు. ఆ గది తాళంచెవి కొన్నేళ్లు నా దగ్గర ఉండేది, అదే నాకున్న అర్హత.

మన దేశంలో చదువు చెప్పడానికి టీవీని పెద్దయెత్తున వాడి చూసింది 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు. 'సైట్' అనే ఆ ప్రయోగంలో అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు వచ్చేవి. మన భాషలోనూ వచ్చాయి. అయితే మన రెండు జిల్లాలకు ఆ భాగ్యం కలగలేదు. మెదక్ దాకా వచ్చిన టీవీ అక్కడే ఆగిపోయింది.

తర్వాత సొంత ఉపగ్రహాల కాలం వచ్చింది. 1982లో పంపిన ఇన్సాట్-1ఏ కొద్ది నెలలకే పాడైపోగా, 1983 ఆగస్టులో పంపిన ఇన్సాట్-1బి నిలబడింది. 1984లో దూరదర్శన్ ఊరూరా చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయింది. ఆ ఏడాది ఆగస్టు 15న యూజీసీ వారు కళాశాల విద్యార్థుల కోసం 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' ప్రారంభించారు. మొదట్లో చూపించినవాటిలో చాలా భాగం విదేశాల్లో తీసినవే. మన పాఠాలు మనమే తీసుకోవాలని కొన్ని యూనివర్సిటీల్లో స్టూడియోలు పెట్టారు. హైదరాబాద్‌కు రెండు దక్కాయి. ఒకటి ఉస్మానియాలో ఆడియో విజువల్ రిసెర్చ్ సెంటర్, రెండోది పక్క క్యాంపస్‌లోనే ఉన్న సీఫెల్‌లో.

ఆఫీసు పని మీద పోయినప్పుడు ఒకసారి ఒక యూనివర్సిటీ స్టూడియోలో షూటింగ్ చూసే అవకాశం నాకు దొరికింది. క్లాసులో గంటసేపు గడగడ చెప్పే ప్రొఫెసర్ గారు ఆ లైట్ల వేడిలో నాలుగు వాక్యాలకే తడబడుతున్నారు. "సార్, బోర్డు దిక్కు తిరిగితే మీ ముఖం కనబడది" అని ప్రొడ్యూసర్ మాటిమాటికీ ఆపుతున్నాడు. ఇరవై నిమిషాల పాఠానికి ముందు స్క్రిప్టు రాయాలి, బొమ్మలు గీయించాలి, షూటింగ్ చేయాలి. తర్వాత యూ-మాటిక్ అనే లావుపాటి క్యాసెట్ల మీద ఎడిటింగ్‌కు రోజుల తరబడి కూర్చోవాలి. అంతా అయ్యాక ఆ టేపు ఢిల్లీకి పోయేది. అక్కడ వరుస కూర్చి దూరదర్శన్‌కు ఇస్తే, ఉపగ్రహం మీదుగా మళ్లీ మన ఊరికి వచ్చేది. తార్నాక నుంచి కరీంనగర్‌కు ఢిల్లీ మీదుగా, ఆకాశం మీదుగా ప్రయాణమన్నమాట!

కళాశాలలకు యూజీసీ సాయంతో కలర్ టీవీలు వచ్చాయి. ప్రసారం మధ్యాహ్నం ఒంటిగంటకు అటూ ఇటూ, సాయంత్రం మరోసారి. పాఠాలేమో ఇంగ్లీషులో. మా పిల్లలేమో ఎక్కువమంది తెలుగు మీడియం, పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు. మొదటి వారం గది కిటకిటలాడింది. రెండో నెలకు ఐదారుగురు మిగిలారు. కరెంటు ఉండాలి, యాంటెన్నా గాలికి తిరగకుండా ఉండాలి, తాళంచెవి ఉన్నవాడు ఆఫీసులో ఉండాలి. ఈ మూడూ కలిసిన రోజు గొప్ప రోజు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు మాత్రం లెక్చరర్లతో సహా అందరూ హాజరు. ఆ పాపంలో నాకూ భాగముంది.

తెలుగులో చెప్పే ఏర్పాటు వేరే దారిన వచ్చింది. దాని వెనుక ఉన్నవారు మన జిల్లావారే కావడం మనకు గర్వకారణం. ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారు 1929లో కరీంనగర్ జిల్లా మైలారంలో పుట్టారు. ప్రభుత్వ పాలనా శాస్త్రం చెప్పే ఆచార్యులుగా పేరు తెచ్చుకుని ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1982 ఆగస్టులో దేశంలోనే మొదటిదిగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే. 1991 నుంచి అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. 1985లో ఇగ్నోకూ ఆయనే తొలి వైస్ ఛాన్సలర్. 1991లో యూజీసీ ఛైర్మన్ అయ్యారు. యూనివర్సిటీ స్టూడియోలన్నిటినీ చూసుకునే కన్సార్టియం 1993లో ఢిల్లీలో ఏర్పడింది కూడా ఆయన హయాంలోనే. 1995లో లండన్‌లో కన్నుమూశారు.

ఓపెన్ యూనివర్సిటీలో ఇంటర్ పాస్ కాకున్నా పద్దెనిమిదేళ్లు నిండి, ప్రవేశ పరీక్ష నెగ్గితే అప్పట్లో డిగ్రీలో చేరే వీలుండేది. అచ్చు పుస్తకాలు ఇంటికి వచ్చేవి. రేడియోలో పాఠాలు, స్టడీ సెంటర్‌లో ఆడియో, వీడియో క్యాసెట్లు, సెలవు రోజుల్లో క్లాసులు. మా ఆఫీసులో ఒక రికార్డ్ అసిస్టెంటు ఉండేవాడు. పదో తరగతితో చదువు ఆగి, నలభై దాటాక చేరాడు. ఆదివారం పొద్దున్నే ఫ్యానుకింద జాగా చూసుకుని కూర్చునేవాడు. ఒకరోజు పాలనా శాస్త్రం క్యాసెట్‌లో ఫైలు కింది నుంచి పైకి ఎట్లా పోతుందో చెబుతుంటే లేచి, "సార్, జర ఆపుండ్రి. మన దగ్గర గిట్ల పోదు" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. క్యాసెట్ ఆపి లెక్చరర్ గారు అరగంట అతనితోనే మాట్లాడించారు. ఢిల్లీ ప్రసారాన్ని ఆపే వీలు ఎవరికీ లేదు. క్యాసెట్‌ను ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, మన భాషలో గొడవ పెట్టుకోవచ్చు. ఖరీదైన స్టూడియో పాఠం మా గదిలో పనికి వచ్చింది ఆ ఆపడం వల్లనే అని నా అభిప్రాయం. అతను డిగ్రీ పాసై జూనియర్ అసిస్టెంటు అయ్యాడు. ఇప్పుడు మన సంఘంలోనే సభ్యుడు, పేరు రాయవద్దన్నాడు.

ఆదిలాబాద్ వైపు ఇంకా కష్టం. ఉట్నూరు, ఆసిఫాబాద్ పక్కల నుంచి వచ్చేవారికి వానాకాలంలో వాగు దాటితేనే క్లాసు. గోండి మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు తెలుగు పాఠమూ పరభాషే. ఈ సంగతి హైదరాబాద్ స్టూడియోల్లో ఎవరైనా తలచారో లేదో.

తర్వాతి కథ మీ మనవలకు తెలిసినదే. 2004 సెప్టెంబరులో చదువు కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం వెళ్లింది. మన టీవీ వచ్చింది, 2017లో టీ-శాట్ అయింది. 2008లో కరీంనగర్‌కు శాతవాహన యూనివర్సిటీ, బాసరకు ట్రిపుల్ ఐటీ వచ్చాయి. కరోనా ఏడాది 2020 సెప్టెంబరు 1 నుంచి బడిపిల్లల పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిలలో నడిచాయి. ఆ రోజుల్లో మా మనవరాలు టీవీ ముందు కూర్చుని, "తాతా, అర్థం కాలే, మళ్లా చెప్పమను" అన్నది. నాకు రికార్డ్ అసిస్టెంటు గుర్తుకు వచ్చాడు.

ఇక నా బాధ. నేను పనిచేసిన ఒక కళాశాలలో బీరువా నిండా ఉన్న వీడియో క్యాసెట్లను, వీసీపీతో సహా, పాత సామాను వేలంలో కిలోల లెక్కన అమ్మేశారు. జాబితా రాసింది నేనే. అడ్డు చెప్పాలని తోచలేదు. రెండు క్యాసెట్లు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను, లేబుళ్లు కూడా ఊడిపోయాయి. టేపు తేమకు బూజు పడుతుంది, పొరలు అంటుకుంటాయి, ఏడాదికింత చెడిపోతుంది. మన సభ్యుల ఇళ్లలో అటకల మీద అలాంటి పాఠాల క్యాసెట్లు, స్టడీ సెంటర్ టైంటేబుళ్లు ఏమైనా ఉంటే పారవేయక సంఘం ఆఫీసులో ఇవ్వగలరు. నడిచే వీసీపీ ఉన్నవారు దయచేసి ముందుగా చెప్పండి. మా ఇంట్లోది ఎలుకలు కొట్టాయి.