చుక్క కనిపించినంత మాత్రాన

1904 జూన్‌లో ఒకరోజు రోటర్‌డామ్ రేవులో ‘కొలంబస్’ అనే చిన్న పడవ మీద ఓడల కంపెనీల పెద్దలు కొందరు చేరారు. వాళ్లని పిలిచినవాడు క్రిస్టియన్ హుల్స్‌మేయర్ అనే జర్మన్ కుర్రాడు. వయసు ఇరవై రెండేళ్లు. పడవ మీద బిగించిన పరికరంలో నిప్పురవ్వ చటచటా పేలేది, దాంతో రేడియో తరంగం బయల్దేరేది. ఎదురుగా ఓడ ఉంటే ఆ తరంగం దాని ఇనుప ఒంటికి తగిలి వెనక్కి వచ్చేది. రాగానే గంట మోగేది. ఓడ పక్కకి తప్పుకుంటే గంట ఆగిపోయేది. అంతకు ముందు నెలలోనే కొలోన్ నగరంలో రైన్ నది దగ్గర అతను ఇదే పని చేసి చూపించాడు. మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఓడని కూడా అది పసిగట్టేది.

ఓడలు గుద్దుకుని కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి ఏడుపు చూసి అతనికి ఈ ఆలోచన వచ్చిందని చెప్పుకుంటారు. పరికరానికి ‘టెలిమొబిలోస్కోప్’ అని పేరు పెట్టాడు, పేటెంట్ తీసుకున్నాడు. చూసినవాళ్లు మెచ్చుకున్నారు కానీ కొన్నవాళ్లు లేరు. జర్మన్ నౌకాదళమూ వద్దంది. దానికో లోటు ఉండేది: ఎదురుగా ఏదో ఉందని చెప్పేది గానీ, ఎంత దూరంలో ఉందో నేరుగా చెప్పేది కాదు. దూరం లెక్కగట్టే ఉపాయానికి అదే ఏడాది రెండో పేటెంట్ తీసుకున్నా, అప్పటికి ఎవరికీ ఆసక్తి లేకపోయింది.

అలా సముద్రపు రాడార్ పుట్టింది యుద్ధనౌక మీద కాదు, ఒక చిన్న పడవ మీద. పుట్టింది కూడా మనుషులు ఢీకొని చావకూడదనే. ఇది మరిచిపోకూడని సంగతి. ఎందుకంటే మళ్లీ చిన్న పడవ దాకా రావడానికి దానికి ఒక జీవితకాలం పట్టింది.

మధ్యలో దాన్ని పెంచింది యుద్ధం. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులోని డావెంట్రీ దగ్గర రాబర్ట్ వాట్సన్-వాట్, అతని సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్ కలిసి, ఎగురుతున్న విమానం నుంచి రేడియో తరంగాలు తిరిగొస్తాయని రుజువు చేశారు. కానీ అప్పట్లో వాడిన తరంగాలు బాగా పొడుగు. వాటికి ఆకాశాన్నంటే టవర్లు కావాలి. పడవ మీదికి ఎక్కాలంటే తరంగం పొట్టిదవ్వాలి, బలమూ తగ్గకూడదు. ఆ చిక్కుముడి 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో విడింది. జాన్ రాండల్, హ్యారీ బూట్ అనే ఇద్దరు రాగిదిమ్మెకి రంధ్రాలు తొలిచి ‘కేవిటీ మాగ్నెట్రాన్’ తయారు చేశారు. దాని నుంచి సుమారు పది సెంటీమీటర్ల తరంగం వెలువడింది. ‘రాడార్’ అన్న మాట కూడా అదే ఏడాది అమెరికా నౌకాదళం చేతిలో పుట్టింది.

ఏడాది దాటగానే, 1941 మార్చిలో, ‘ఆర్కిస్’ అనే కార్వెట్ మీద ఆ మాగ్నెట్రాన్‌తో నడిచే కొత్త రాడార్ ఎక్కింది. కార్వెట్లంటే సరుకు ఓడలకి కాపలాగా అట్లాంటిక్‌లో తిరిగిన చిన్న యుద్ధనౌకలు. యాంటెన్నాని లాంతరు లాంటి గూట్లో పెట్టి, కింద గదిలో మనిషి చేత్తో తిప్పేవాడు. చీకట్లో నీటిమీదికి తేలిన జలాంతర్గామిని అది కనిపెట్టేది.

యుద్ధం ముగిశాక ఆ విద్య వర్తక నౌకలకి దక్కింది. 1948లో లివర్‌పూల్ రేవు తన ఓడలకి ఒడ్డు నుంచి దారి చెప్పే రాడార్ కేంద్రం పెట్టుకుంది. మాగ్నెట్రాన్ ఇంకో దారిలో వంటింట్లోకీ వచ్చింది. ఇవాళ్టి మైక్రోవేవ్ ఓవెన్‌లో అన్నం వేడిచేసేది దాని చుట్టమే. అందుకే పడవ రాడార్ వాడేవాళ్లకి మొదటి పాఠం యాంటెన్నా దగ్గరే మొదలవుతుంది. తిరిగే యాంటెన్నాకి ఎదురుగా, కంటి ఎత్తులో దగ్గరగా నిలబడకూడదు. ఎవరైనా స్తంభం ఎక్కుతుంటే ముందుగా రాడార్‌ని ఆపాలి. మూత లేని పొడవాటి యాంటెన్నా అయితే తరంగాల సంగతి అటుంచి, తిరుగుతూ వచ్చి మనిషిని కొట్టి కింద పడేయగలదు.

వర్తక నౌకల రాడార్లకి తొలినాటి తెరలు గుండ్రంగా ఉండేవి. వెలుగు గీత ఒకటి గడియారం ముల్లులా చుట్టూ తిరుగుతూ, ఏదైనా తగిలిన చోట చుక్క వెలిగించి పోయేది. పగటి వెలుతురులో ఆ చుక్క కనిపించదు. అందుకని తెరకి రబ్బరు గొట్టం లాంటి ముసుగు తొడిగి, అందులో ముఖం పెట్టి చూసేవారు. ముసుగులోంచి తల బయటికి తీశాక మళ్లీ చీకటికి కళ్లు అలవాటు పడటానికి కాసేపు పట్టేది. ఒక నాటికల్ మైలు దూరాన్ని తరంగం వెళ్లి రావడానికి పట్టేది సెకనులో పది లక్షల వంతుల్లో పన్నెండు వంతులు. అంత వేగంగా వచ్చిన సమాచారాన్ని మనిషి మాత్రం పెన్సిలు పట్టుకుని నిదానంగా గీసుకోవాలి: ఇప్పుడు చుక్క ఇక్కడ, మూడు నిమిషాల తరువాత ఇక్కడ, ఆరు నిమిషాలకి ఇక్కడ. ఆ మూడు గుర్తులనీ కలిపితేనే ఎదుటి ఓడ ఎంత దగ్గరగా వెళ్తుందో తెలుస్తుంది.

ఆ గీత గీయకపోతే ఏమవుతుందో 1956 జూలై 25 రాత్రి లోకానికి తెలిసింది.

ఇటలీ నుంచి న్యూయార్క్ వస్తున్న ‘ఆండ్రియా డోరియా’, న్యూయార్క్ నుంచి స్వీడన్ వెళ్తున్న ‘స్టాక్‌హోమ్’ నాంటకెట్ దీవికి దక్షిణంగా ఎదురెదురు అయ్యాయి. రెండింటిలోనూ రాడార్ ఉంది. రెండూ ఒకదాన్నొకటి మైళ్ల దూరం నుంచే తెర మీద చూశాయి. ఆండ్రియా డోరియా దట్టమైన పొగమంచులో కూడా దాదాపు 22 నాట్ల వేగంతో పోతోంది. దాని కెప్టెన్ పియెరో కలమాయ్ అనుభవజ్ఞుడు. ఎదుటి ఓడ కుడివైపు నుంచి దాటిపోతుందనుకుని, మధ్య దూరం పెంచడానికి ఓడని కొద్దిగా ఎడమకి తిప్పించాడు. ఆ ఓడలో ఎవరూ చుక్కల్ని కాగితం మీద గీయలేదు. స్టాక్‌హోమ్ ఓడని నడిపే గదిలో (బ్రిడ్జిలో) కాపలా ఉన్న ఏకైక అధికారి, మూడో అధికారి, గీసి చూశాడు. అతని లెక్కలో ఆండ్రియా డోరియా ఎడమవైపు ఉంది. అతను కుడికి తిప్పాడు. తప్పించుకోవడానికి వేసిన ఒక్కొక్క అడుగూ ఇద్దరినీ దగ్గరికి చేర్చింది.

రాత్రి పదకొండు దాటాక మంచులోంచి దీపాలు కనిపించేసరికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు. మంచుగడ్డల్ని తట్టుకోడానికి గట్టిగా కట్టిన స్టాక్‌హోమ్ ముక్కు ఆండ్రియా డోరియా పక్కలోకి దిగింది. రెండు ఓడల్లో కలిపి 51 మంది చనిపోయారు. మర్నాడు పొద్దున ఆండ్రియా డోరియా మునిగిపోయింది. సాయానికి వచ్చిన ఓడలూ స్టాక్‌హోమూ కలిసి పదహారు వందల మందికి పైగా కాపాడాయి.

కంపెనీలు కోర్టు బయట రాజీ పడ్డాయి కాబట్టి తప్పెవరిదో ఏ న్యాయస్థానమూ తేల్చలేదు. స్టాక్‌హోమ్ రాడార్ తెర ఏ దూరపు స్కేలు మీద ఉందో ఆ అధికారి పొరబడి ఉంటాడని తరువాత కొందరు నిపుణులు వాదించారు. ఐదు మైళ్ల తెరని పదిహేను మైళ్లదిగా అనుకుంటే, రెండు మైళ్ల దూరంలో ఉన్నది ఆరు మైళ్ల దూరంలో ఉన్నట్టు లెక్క. ఆ వాదన నిజమో కాదో గానీ, తెర చూసే ప్రతిసారీ ముందు స్కేలు చూడాలన్న అలవాటుకి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు. ‘రాడార్ సాయంతో జరిగిన ఢీ’ అనే మాట నావికుల నోట నానింది ఆ కాలంలోనే.

వేగమూ ఒక పెద్ద కారణమే. రాడార్ ఉంది కదా అన్న ధీమా లేకపోతే ఏ కెప్టెనూ మంచులో అంత జోరుగా పోడు. ప్రమాదాన్ని తగ్గించడానికి వచ్చిన పరికరం ధైర్యాన్ని పెంచింది, ఆ ధైర్యం ప్రమాదాన్ని తిరిగి తెచ్చింది.

చట్టం దీని వెనకాలే నడిచింది. 1960లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం సముద్రపు దారి నియమాలకి రాడార్ వాడకం మీద సూచనల్ని జతచేసింది. 1972లో తిరగరాసిన నియమాలు 1977 జూలై 15 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇవి పెద్ద ఓడలకే కాదు, సముద్రం మీద తేలే ప్రతి పడవకీ వర్తిస్తాయి. ఐదో నియమం కళ్లతో, చెవులతో, అందుబాటులో ఉన్న ప్రతి సాధనంతో కాపలా కాయమంటుంది. ఆ వరసలో కళ్లూ చెవులూ ముందున్నాయి. ఏడో నియమం అరకొర రాడార్ సమాచారం మీద ఊహలు కట్టవద్దంటుంది. పందొమ్మిదోది, మంచులో ముందువైపు ఉన్న ఓడని రాడార్ మీద మాత్రమే చూసినప్పుడు వీలైనంత వరకు ఎడమకి తిరగవద్దంటుంది. ఆ వాక్యం చదివితే కలమాయ్ గుర్తుకు రాక మానడు.

చుక్కల్ని గీసే పని యంత్రానికి అప్పగించే ప్రయత్నమూ జరిగింది. 1969లో నార్వే కంపెనీ నార్‌కంట్రోల్ ‘తైమిర్’ అనే సరుకు ఓడ మీద మొదటిసారి అలాంటి పరికరం పెట్టింది. ఇప్పుడు చిన్న పడవల రాడార్లలో కూడా ఆ సౌకర్యం దొరుకుతోంది.

చిన్న పడవ మీదికి వచ్చిన రాడార్ మాత్రం పెద్ద ఓడ రాడార్‌కి తమ్ముడే తప్ప సమానం కాదు. తెల్లటి గుండ్రటి డబ్బాలో ఉండే యాంటెన్నా వెడల్పు సుమారు 45 సెంటీమీటర్లు. యాంటెన్నా ఎంత చిన్నదైతే అది వదిలే కిరణం అంత వెడల్పు. ఈ డబ్బా నుంచి వెళ్లే కిరణం దాదాపు ఐదు డిగ్రీలు విచ్చుకుంటుంది. మూడు నాటికల్ మైళ్ల దూరానికి చేరేసరికి అది అర కిలోమీటరు వెడల్పవుతుంది. అక్కడ పక్కపక్కన పోతున్న రెండు బోట్లు తెర మీద ఒకే చుక్క. రేవు ముఖద్వారం రెండు గట్లూ కలిసిపోయి, దారే లేనట్టు కనిపించవచ్చు. ఎత్తు కూడా తక్కువే. నీటికి నాలుగు మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉంటే, మీటరు ఎత్తున్న పడవ సుమారు ఆరున్నర మైళ్లలోపే దొరుకుతుంది, అదీ సముద్రం నిమ్మళంగా ఉంటే.

నిమ్మళంగా లేకపోతే అలలు కూడా చుక్కలే. తెర నడిమంతా వెలుగు పొడి చల్లినట్టు నిండిపోతుంది. ఆ పొడిని తుడవడానికి ఒక మీట, వాన మరకని తుడవడానికి ఇంకోటి ఉంటాయి. ఎక్కువ తిప్పితే తెర అద్దంలా శుభ్రమవుతుంది, అలలతో పాటు చిన్న పడవా తుడిచిపెట్టుకుపోతుంది.   

2006 ఆగస్టు 20 రాత్రి ఇంగ్లండు దక్షిణ తీరాన ఐల్ ఆఫ్ వైట్ దాటి ‘ఊజో’ అనే ఇరవై ఐదు అడుగుల తెరచాప పడవ పోతోంది. అందులో ముగ్గురు స్నేహితులు. ఒక పెద్ద ఫెర్రీ దాన్ని తాకింది, లేదా పక్కనుంచి పోతూ అలలతో ముంచేసిందని బ్రిటన్ దర్యాప్తు సంస్థ తేల్చింది. ఫెర్రీ రాడార్ మీద పడవ కనిపించలేదు. ముగ్గురూ చనిపోయారు.

ఊజోకి రాడార్ రిఫ్లెక్టర్ ఉంది. లోహపు రేకులు మూడు ఒకదానికొకటి లంబంగా కలిసే మూలలోకి తరంగం వెళ్తే, ఎటు నుంచి వచ్చిందో అటే తిరిగిపోతుంది. ఆ మూలల్ని ఎనిమిది వైపులా పేర్చి స్తంభానికి కడతారు. చెక్క, ఫైబర్ తరంగాన్ని సరిగా తిప్పి పంపవు కాబట్టి చిన్న పడవకి అదే ఆనవాలు. ఊజో మీద ఉన్న రకం సరిపడా పనిచేయదని దర్యాప్తులో తేలింది. ఆ తరువాత చేయించిన పరీక్షల్లో మార్కెట్లో దొరికే రిఫ్లెక్టర్ల మధ్య చాలా తేడా బయటపడింది. వచ్చిన తరంగాన్ని పెంచి తిప్పి పంపే, కరెంటుతో నడిచే రకాలు మెరుగని తేలింది.

మన తీరానికి ఇది దూరపు కథ కాదు. 2021 ఏప్రిల్‌లో మంగళూరుకి దూరంగా సముద్రంలో, కేరళ నుంచి వెళ్లిన చేపల బోటు ఒకటి కంటైనర్ ఓడతో ఢీకొంది. అందులో ఉన్న 14 మందిలో ఇద్దరే ప్రాణాలతో దొరికారు. విశాఖలో ఫిషింగ్ హార్బరూ పెద్ద ఓడల రేవూ పక్కపక్కనే. సరంగులూ కళాసీలూ రోజూ ఆ ఓడల దారి దాటుకునే వేటకి పోతారు. ఒకప్పటి కర్రతెప్పల చోటుకి ఫైబర్ బోట్లు వచ్చాయి, రాడార్‌కి మాత్రం రెండూ మసకే. 2024 ఆగస్టులో లక్ష చేపల పడవలకి ట్రాన్స్‌పాండర్లు అమర్చే జాతీయ పథకం మొదలైంది. ట్రాన్స్‌పాండర్ ఉపగ్రహం ద్వారా ఒడ్డుకి కబురు చేరుస్తుంది, తుపాను కబురు పడవకి తెస్తుంది. ఎంతో మేలు. కానీ అర్ధరాత్రి ఎదురొచ్చే ఓడ రాడార్ తెర మీద మన చుక్కని వెలిగించే పని దానిది కాదు. ఆ పని చేసేది రిఫ్లెక్టరే.

బోటు యజమానులు ఈ ఒక్క వస్తువు విషయంలో ఖర్చు చూసుకోవద్దు. మంచి రిఫ్లెక్టర్ ఎత్తుగా, నిటారుగా కట్టించండి. రాడార్ ఉన్నవాళ్లు మంచు పడేదాకా ఆగకండి. పట్టపగలు, తీరం కళ్లకి కనిపిస్తుండగానే రాడార్ వేసి, కనిపించే ఓడనీ తెర మీది చుక్కనీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. కళాసీ కుర్రాళ్లకీ నేర్పండి. ఒకరు తెర చూస్తుంటే ఇంకొకరిని అణియం మీద నిలబెట్టండి.