మేకు లేని ఓడ

మస్కట్‌లో అల్ బుస్తాన్ కూడలి దాటి వెళ్లే మనమందరం అక్కడ నిలిపి ఉంచిన కొయ్య ఓడను చూస్తూనే ఉంటాము. పిల్లలు దానిని నగరానికి పెట్టిన అలంకారమనుకొంటారు. దాని పేరు సొహార్. సుల్తాన్ ఖాబూస్ ఆదరణతో, బ్రిటిష్ యాత్రికుడు టిమ్ సెవెరిన్ సూర్ పట్టణంలో దానిని కట్టించాడు. 1980 నవంబరులో మస్కట్ నుండి బయలుదేరిన ఆ ఓడ, గాలిని నమ్ముకొని, 1981 జూలైలో చైనాలోని కాంటన్ రేవు చేరింది. దాని పలకలను కలిపి ఉంచినది ఇనుము కాదు, కొబ్బరి పీచు తాడు.

పలకల అంచుల వెంట వరుసగా రంధ్రాలు తొలిచి, సందులో పీచు కూరి, తాడుతో బిగించి కుడతారు. అల కొట్టినప్పుడు అటువంటి ఓడ కొంచెం వంగి, మళ్లీ సర్దుకొంటుంది. ఇది మార్కో పోలోకు నచ్చలేదు. 13వ శతాబ్దిలో హోర్ముజ్ రేవులో కుట్టు ఓడలను చూసి, ఇవి నాసివని, తుఫానుకు ఆగవని వ్రాశాడు. అతడే మన మోటుపల్లి సీమను గూర్చి వ్రాస్తూ అక్కడి వజ్రాలను, సన్నని వస్త్రాలను మెచ్చుకొన్నాడు. నేతను మెచ్చినవాడు కుట్టును మెచ్చకపోవడం వింతే!

మన తూర్పు తీరంలోనూ ఇదే విద్య ఉండేది. మంచి రేవులు లేని చోట పెద్ద ఓడలు దూరాన లంగరు వేసి నిలిచేవి. సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చేవి కుట్టు పడవలే. ఆంగ్లేయులు వాటిని మసూలా పడవలన్నారు. ఒడ్డున విరిగిపడే కెరటాల దెబ్బకు మేకులు కొట్టిన గట్టి పడవ పగిలిపోవచ్చు. కుట్టు పడవ ఓర్చుకొనేది. తెడ్లు వేసేవారు పాటతో లయ కలిపేవారు. ఇక్కడి గల్ఫ్ ఓడల మీద నహ్హామ్ అనే గాయకుడు పదం ఎత్తుకొంటే, తెరచాప లాగేవారంతా అందుకొనేవారు. మన హైలెస్సా పని కూడా అదే. పది చేతులు ఒక్క క్షణంలో లాగాలంటే ఎవరో ఒకరు గొంతెత్తాలి. అది వినోదం కాదు, తాడువంటి పనిముట్టు.

సూర్ ప్రజలు తమ ఓడలను ఊరకే తలచుకోలేదు. అక్కడ 1951లో కట్టిన ఫతహ్ అల్ ఖైర్ అనే ఓడ చేతులు మారి యెమెన్ చేరితే, చందాలు వేసుకొని 1993లో వెనక్కు తెచ్చుకొన్నారు. మన తీరంలో నేడు కంటికి కనబడేవి ఫైబర్ పడవలే.

వస్తువును కొనితెచ్చుకోవచ్చు, విద్యను తెచ్చుకోవడం కష్టం. సొహార్‌ను కుట్టడానికే లక్షద్వీపాల నుండి పనివారిని పిలిపించవలసి వచ్చింది. 2010లో సింగపూర్‌కు కానుకగా వెళ్లిన ‘జ్యువెల్ ఆఫ్ మస్కట్’ కూడా కుట్టు ఓడే.

ఈ వరుసలో కొత్తది మన దేశపు కౌండిన్య. 2025 డిసెంబరు 29న పోరుబందరులో బయలుదేరి, జనవరిలో మస్కట్ చేరింది. దానికి ఆధారం అజంతా గుహలోని 5వ శతాబ్దపు ఓడ బొమ్మ. పలక ఎంత మందం ఉండాలో, కుట్టు ఎంత బిగించాలో బొమ్మ చెప్పదు. ఆ లెక్క బాబు శంకరన్ అనే కేరళ శిల్పికి, ఆయన వెంట పనిచేసిన వడ్రంగులకు తెలుసు. మసూలా పడవలు కుట్టిన మన పల్లెలలో ఆ లెక్క ఇంకా ఏ ముసలి చేతికైనా గుర్తుందేమో, ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు అడిగి చూద్దాము.