వ్రేలిముద్రయు సమ్మతియు

శ్రీరాంపూరులోని మా బడిలో వెట్టిచాకిరినిగూర్చి పాఠము చెప్పుచుండగా నొక విద్యార్థి యిట్లడిగెను: "అప్పు పుచ్చుకొని, కాగితముమీద వ్రేలిముద్ర వేసి, పనికి ఒప్పుకొన్నవానిని బలవంతపెట్టి రనుట యెట్లు?" ఆ ప్రశ్న చిన్నది కాదు. బలాత్కార మనగా నేమి యను విషయమున ధర్మశాస్త్రములును న్యాయస్థానములును చిరకాలము తడబడిన దిచ్చటనే.

బలవంతముగా వ్రాయించుకొన్న పత్రము చెల్లదని మనుస్మృతి యష్టమాధ్యాయము చెప్పుచున్నది. బలముచేతను కపటముచేతను నడిపిన వ్యవహారములను రాజు త్రిప్పివేయవలెనని యాజ్ఞవల్క్యుని మతము. కాని మనుస్మృతి యా యధ్యాయముననే, సమజాతివాడును తక్కువజాతివాడును అప్పును ఒడలి కష్టముచే తీర్పవచ్చుననియు, ఎక్కువజాతివాడు మెల్లమెల్లగా ధనమే చెల్లింపవచ్చుననియు విధించినది. పత్రమునందలి బలాత్కారము కనబడినది; కులమునందలి బలాత్కారము కనబడలేదు.

1872వ సంవత్సరపు భారత ఒప్పందముల చట్టము పదునైదవ సెక్షనులో బలాత్కారమును నిర్వచించినది. శిక్షాస్మృతి నిషేధించిన పని చేయుట, ఒకరి సొత్తును అక్రమముగా పట్టియుంచుట, లేదా అట్లు చేసెదనని బెదరించుట, ఒడంబడిక చేయించు నుద్దేశముతో జరిగినచో బలాత్కారము. అట్టి యొడంబడికను రద్దుచేసికొను హక్కు పీడితునకు గలదు. కొట్టనక్కరలేదు, బెదరింపే చాలును. 1917లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పిన చిక్కం అమ్మిరాజు వ్యాజ్యమున, ఒక భర్త ఆత్మహత్య చేసికొందునని బెదరించి, భార్యచేతను కుమారునిచేతను తన సోదరునకు హక్కు విడుదల పత్రము వ్రాయించెను. ప్రాణము తనదే యైనను అది బలాత్కారమే యని యిరువురు న్యాయమూర్తులు తీర్మానించిరి. ఓల్డ్‌ఫీల్డు మాత్రము విభేదించెను.

అయితే ఆకలి యీ నిర్వచనమున కందదు. నిజాము రాజ్యమున మన కరీంనగరు, ఆదిలాబాదులతో సహా తెలంగాణమున భగేలా పద్ధతి యుండెను. పెండ్లికో తిండిగింజలకో అప్పు తెచ్చుకొన్న పేదవాడు దొర యింట జీతముండి తీర్పవలెను. ఇచ్చు గింజలు పొట్టకే చాలవు, వడ్డీ పెరుగును, తండ్రి యప్పు కొడుకు మెడకు చుట్టుకొనును. అప్పు చేయువేళ దొర కఱ్ఱ యెత్తనక్కరలేదు. 1948లో తన పాలన ముగియకమునుపే నిజాము ప్రభుత్వము భగేలా ఒప్పందములను నియంత్రించుచు శాసనము చేసెను. కాని అప్పిచ్చువాడు మరియొకడు లేని యూరిలో కాగితముమీది నియమమువలన పేదకు స్వేచ్ఛ కలుగునా? ఒడంబడిక రద్దు కోరి కోర్టుకెక్కవలసినవాడు రేపటి గింజలకు ఆ దొరవాకిటికే పోవలసినవాడు.

1976వ సంవత్సరపు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము, 1975 అక్టోబరు 25 నుండి వర్తించునట్లుగా, ఈ ముడిని మొదలంట త్రెంచినది. పీడితుడు కోరనక్కరలేకయే ఒప్పందము రద్దయ్యెను, బాకీ మాసిపోయెను, అది వెట్టిబాకీ కాదని నిరూపించు భారము అప్పిచ్చినవానిపై పడెను. అయినను 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల కూలీలు వెట్టి మానిపింపుడని వీధుల కెక్కవలసి వచ్చెను. 1982లో ఆసియా క్రీడల నిర్మాణములందలి కూలీల వ్యాజ్యమున, రాజ్యాంగము ఇరువదిమూడవ యధికరణమునకు సుప్రీముకోర్టు న్యాయమూర్తి భగవతి విశాలార్థము చెప్పెను. బలమనగా దేహబలము మాత్రమే కాదు. దారిద్ర్యము మరియొక త్రోవ లేకుండ చేసి, కనీస వేతనమునకు తక్కువ కూలికి పనిచేయించినచో నదియు బలమే. ఒప్పందముల చట్టమునందలి నిర్వచనము మాత్ర మట్లే యున్నది.

నేడు భగేలా పేరు వినబడదు. కాని పెద్దపల్లి ప్రాంతపు ఇటుకబట్టీలకు ఒడిశానుండి కుటుంబములు ముందుగా అడ్వాన్సు పుచ్చుకొని వచ్చుచున్నవి. అడ్వాన్సు పుచ్చుకొనుట నేరము కాదు. అది తీరువరకు కదలరాదనుట నేరము. ఈ భేదము పనిచేయువారికిని, వారి పిల్లలకును తెలిసి యుండవలెను.

ఆ విద్యార్థికి నే నిచ్చిన యుత్తర మిది: "నాయనా, కాగితముమీద వ్రేలిముద్ర యున్నదా యని పిమ్మట చూడుము. వలదని చెప్పి ఆ రాత్రి అన్నము తినగల వీలు వానికి ఉండెనా యని ముందు చూడుము."